చేప బాల్యాన్ని చదివే విద్య: చల్లని సముద్రాల పాఠం, నెల్లూరు తీరం లెక్క

గొరక చేప తల కోసినప్పుడు కత్తికి రెండు తెల్లటి రాళ్లు తగులుతాయి. నెల్లూరు చేపల మార్కెట్లో శుభ్రం చేసే పని చేసేవారికి ఇవి కొత్త కాదు. పొలుసుతో, పేగులతో పాటు అవీ చెత్తలోకి పోతాయి. ఆ చేప ఎన్నేళ్లు బతికింది, ఏ కాలంలో పుట్టింది, పసితనంలో దానికి తిండి సరిగా దొరికిందా, ఉప్పునీటిలో పెరిగిందా, నది కలిసే చోట పెరిగిందా అన్న సమాచారం చాలావరకు ఆ రాళ్లలోనే ఉంటుంది.

ఇవి చెవిరాళ్లు. ఎముకలున్న చేపలన్నిటికీ లోపలి చెవిలో మూడు జతలు ఉంటాయి. శరీరం తూకం నిలుపుకోవడానికి, శబ్దం గ్రహించడానికి అవి పనికొస్తాయి. చాలా చేపల్లో ఒక జత మిగతా రెండింటికన్నా బాగా పెద్దది. గొరక జాతి చేపల్లో అది మరీ పెద్దది కాబట్టే మామూలు కంటికి కనిపిస్తుంది. కాల్షియం కార్బొనేట్ పొరలు పొరలుగా పేరుకుని ఈ రాయి తయారవుతుంది. చేపకు ఆకలి వేళ ఎముకలోని ఖనిజాన్ని శరీరం వెనక్కి తీసుకోగలదు గానీ, చెవిరాయి జోలికి పోదు. ఒకసారి పేరుకున్న పొర చేప చచ్చేదాకా అలాగే ఉంటుంది. దాని విలువంతా అక్కడే ఉంది.

ఈ పొరలను చదివే శాస్త్రం మన తీరంలో పుట్టలేదు. ఉత్తర సముద్రంలో, నార్వే తీరంలో, ఏడాదిలో సగం కాలం గట్టి చలి ఉండే నీళ్లలో, అడుగున ఇసుకనూ బురదనూ అంటిపెట్టుకుని బతికే కాడ్, ప్లెయిస్, హాలిబట్ లాంటి చేపల మీద పుట్టింది. అక్కడ తేలిన విషయాల్లో ఏవి మన వేడి సముద్రానికి వర్తిస్తాయి, ఏవి వర్తించవు అన్నది విడదీసి చూడకపోతే చేపల వేట నిషేధం నుంచి వల కన్ను కొలత దాకా ప్రతి నిర్ణయమూ అరువు లెక్క మీదే నడుస్తుంది.

చలి గీసిన వలయాలు

ప్లెయిస్ అనేది నాలుక చేపలాగా బల్లపరుపుగా ఉండి, ఒక పక్కన పడుకుని బతికే చేప. 1899లో జర్మన్ శాస్త్రజ్ఞుడు యోహానెస్ రైబిష్ ఈ చేప చెవిరాళ్లలో ఏటేటా ఒక వలయం ఏర్పడుతోందని చూపాడు. ఎండాకాలంలో నీరు కాస్త వేడెక్కి తిండి దండిగా దొరికినప్పుడు ఒక రకం పొర, శీతాకాలంలో ఎదుగుదల దాదాపు ఆగినప్పుడు మరో రకం పొర. చెట్టు మాను కోసినప్పుడు కనిపించే వలయాల మాదిరే ఇవీ ఒక జతకు ఒక ఏడాది. వేసవికీ శీతాకాలానికీ తేడా ఎంత ఎక్కువుంటే వలయం అంత స్పష్టంగా పడుతుంది. చల్లని సముద్రాల్లోనే ఈ విద్య మొదలు కావడానికి కారణం అదే.

పని చెప్పినంత తేలిక కాదు. ముసలి చేపల్లో వలయాలు అంచు దగ్గర ఒకదాని మీద ఒకటి పడ్డట్టు దగ్గరవుతాయి. అందుకని రాయిని మధ్యకు విరిచి, విరిగిన ముఖాన్ని సెగకు కాల్చి, నల్లబడ్డ గీతలను లెక్కపెడతారు. లేదా వజ్రపు అంచున్న రంపంతో పలుచని ముక్కగా కోసి, నున్నగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఒకే రాయిని ఇద్దరు వేరువేరుగా చదివి పోల్చుకోవడం ఈ రంగంలో ఆచారం. మొదటి ఏడాది వలయం ఎక్కడుందన్న దాని మీదే ఎక్కువ తగాదాలు వస్తాయి.

లెక్క తప్పితే జరిగే నష్టం చిన్నది కాదు. ఆరెంజ్ రఫీ కథ ఇందుకు సాక్ష్యం. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా దగ్గర సుమారు 700 నుంచి 1,500 మీటర్ల లోతులో, సముద్రగర్భ పర్వతాల చుట్టూ గుంపులు కట్టే ఎర్రటి చేప ఇది. 1970ల చివర నుంచి ట్రాలర్లు దీన్ని టన్నుల కొద్దీ తోడాయి. తొలి అంచనాల్లో దీనిది ఓ మాదిరి ఆయుష్షు అనుకున్నారు. చెవిరాయిని పైపైన చూసి లెక్కపెట్టడం ఒక పొరపాటైతే, మామూలు చేపలాగే త్వరగా పెరుగుతుందని ఊహించడం ఇంకో పొరపాటు. 1991లో చెవిరాయిలోని రేడియం, సీసం నిష్పత్తిని కొలిచిన పరిశోధన ఆ అంచనాను తలకిందులు చేసింది. ఇవి నూరేళ్లు దాటి బతికే చేపలు. గుడ్లు పెట్టే వయసు రావడానికే పాతిక ముప్పై ఏళ్లు పడుతుంది.

దీని అర్థం అంకెల్లో చూస్తే బాగా తెలుస్తుంది. ఒక జాతి గరిష్ఠంగా 30 ఏళ్లు బతుకుతుందంటే, వల వేయకపోయినా ప్రకృతి ఏటా సుమారు 13 శాతాన్ని తీసుకుంటుందని మోటు లెక్క. అదే నూరేళ్లు బతికే జాతిలో ఆ వాటా 4 శాతం దగ్గర ఉంటుంది. ఇంత నెమ్మదిగా చచ్చే చేప అంతే నెమ్మదిగా తన సంఖ్యను నింపుకుంటుంది. 30 ఏళ్ల చేపకు వేసిన వేట కోటా నూరేళ్ల చేప మీద అమలు చేస్తే, పదేళ్లలో తీసింది ఒక తరం కాలంలో కూడా తిరిగి రాదు. ఆ వేటస్థలాల్లో చాలా చోట్ల జరిగింది అదే.

వయసు లెక్కను సరిచూసుకోవడానికి మరో దారి అనుకోకుండా దొరికింది. 1950లు, 60ల్లో వాతావరణంలో పేల్చిన అణుబాంబుల వల్ల రేడియో కార్బన్ ఒక్కసారిగా పెరిగి సముద్రంలోకి దిగింది. అప్పుడు పుట్టిన చేపల చెవిరాళ్ల నడిమి భాగంలో ఆ గుర్తు పడింది. వలయాలు లెక్కపెట్టి చెప్పిన పుట్టిన ఏడాది ఆ గుర్తుతో సరిపోయిందా లేదా చూస్తే చదివినవారి పనితనం తేలిపోతుంది. గ్రీన్‌లాండ్ సొరకు ఇలాంటి రాయి లేదు కనుక, కంటి కటకం మధ్యలోని కార్బన్ ఆధారంగా 2016లో దాని వయసు కట్టారు. పరీక్షించిన వాటిలో అన్నిటికన్నా పెద్ద ఆడ సొరకు 392 ఏళ్లు, అటూ ఇటూ 120 ఏళ్లు అని తేలింది. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇంతకు మించిన ఆయుష్షు నమోదు కాలేదు.

అడుగుకు చేరే ముందు

అడుగున బతికే చేప అనగానే అది పుట్టుక నుంచి అక్కడే ఉంటుందనుకోవడం సహజం. అదే నిజమైతే దాని పరిశోధన ఎంతో తేలికయ్యేది. 1860ల్లో నార్వే ప్రభుత్వం కాడ్ వేట గురించి ఆరా తీయమని గేయోర్గ్ ఒసియాన్ సార్స్ అనే యువ శాస్త్రజ్ఞుణ్ని లోఫోటెన్ దీవులకు పంపింది. తరాల తరబడి మన ఇళ్లలో పిల్లలకు వేసిన కాడ్ లివర్ ఆయిల్ వచ్చేది ఈ చేప నుంచే. అడుగు చేప గుడ్లు అడుగున ఉంటాయని అందరూ నమ్మే రోజులవి. సార్స్ చూసింది వేరు. గుడ్లు నీటి పైభాగంలో తేలుతున్నాయి. మిల్లీమీటరున్నర కూడా లేని పారదర్శకమైన గోళాలు, కోట్ల కొద్దీ, ప్రవాహం ఎటు పోతే అటు.

దాంతో అడుగు చేప జీవితం రెండు ముక్కలని తేలింది. మొదటి ముక్క గాలికీ అలకూ ప్రవాహానికీ లోబడి పైనీటిలో గడుస్తుంది. రెండోది అడుగున. ఈ రెండింటి మధ్య దాటాల్సిన గడప ఒకటుంది. ఎన్ని చేపలు పెద్దవవుతాయో చాలావరకు మొదటి ముక్కలోనే, ఆ గడప దగ్గరే తేలిపోతుంది.

కాడ్ గుడ్డు ఐదారు డిగ్రీల నీటిలో పొదగబడడానికి సుమారు రెండున్నర వారాలు పడుతుంది. బయటికొచ్చే పిల్ల నాలుగు మిల్లీమీటర్లు. నోరు సరిగా తెరుచుకోదు. వెంట తెచ్చుకున్న పచ్చసొన సంచి ఓ వారం దాకా ఆదుకుంటుంది. ఆలోగా కలానస్ అనే, నీటిలో తేలుతూ బతికే చిన్న ప్లవక జీవి పిల్లలు నోటికి అందాలి. అందకపోతే ఇక తిండి కనిపించినా తినే శక్తి ఉండదు. 1914లో నార్వే శాస్త్రజ్ఞుడు యోహాన్ యోర్ట్ ఈ దశ మీదే వేలు పెట్టాడు. చేపలు కొన్నేళ్లు కుప్పలుగా పడి, కొన్నేళ్లు అసలు కనపడకపోవడానికి కారణం పెద్ద చేపలు ఎటో వలసపోవడం అని అప్పటి నమ్మకం. యోర్ట్ వయసులు లెక్కగట్టి చూస్తే, 1904లో పుట్టిన హెర్రింగ్ చేపల ఒక్క తరమే ఏళ్ల తరబడి వేటను పోషించిందని కనబడింది. ఆ ముందూ వెనకా పుట్టిన తరాలు నామమాత్రం. పెద్ద చేపల సంఖ్య కన్నా, ఆ ఏడు పిల్లలకు తొలి మేత సమయానికి దొరికిందా లేదా అన్నదే ముఖ్యం కావచ్చని ఆయన ఊహ. తరవాత ఇంగ్లండ్‌కు చెందిన డేవిడ్ కుషింగ్ దాన్నే విస్తరించాడు. చేపలు ఏటా దాదాపు ఒకే కాలంలో గుడ్లు పెడతాయి. ప్లవకాలు విరగబడే కాలం మాత్రం వెలుతురును, వేడిని, గాలిని బట్టి ముందుకూ వెనక్కూ జరుగుతుంది. రెండూ కలిసిన ఏడు మంచి ఏడు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడడం మంచిది. పది లక్షల పిల్లల్లో రోజుకు పది శాతం చనిపోతున్నాయనుకుందాం. అరవై రోజులయ్యేసరికి మిగిలేవి సుమారు 1,800. రోజువారీ చావు పది నుంచి తొమ్మిది శాతానికి తగ్గితే మిగిలేవి దాదాపు 3,500. ఒక్క శాతం తేడాకు రెట్టింపు సంతానం. ఇప్పుడు చావు పది శాతమే ఉంచి, పిల్లలు త్వరగా పెరిగి ఆ ప్రమాద దశను అరవై రోజుల్లో కాక యాభై రోజుల్లో దాటాయనుకుందాం. మిగిలేవి 5,100 పైనే. అంటే పసితనంలో ఎదుగుదల వేగమే బతుకు. ఎదుగుదలను, మనుగడను రెండు వేరు విషయాలుగా చదవడం కుదరదని చెప్పడానికి ఈ మూడు అంకెలు చాలు. సముద్రంలో రోజుకు ఒక శాతం తేడాను నేరుగా కొలవగల సాధనం ఏదీ లేదు. అందుకే ఏ ఏటి తరం ఎంత ఉంటుందో ముందుగా చెప్పడం నేటికీ ఇంత కష్టంగా ఉంది.

1971లో జోర్జియో పనెల్లా చెవిరాయి వలయాల మధ్య మరింత సన్నని గీతలను గమనించాడు. ఒక ఏటి వలయానికీ తరవాతి దానికీ మధ్య అవి సుమారు 360 ఉన్నాయి. రోజుకో గీత! దీనితో చేపపిల్ల పుట్టిన తేదీ కట్టవచ్చు. గీతల మధ్య ఎడం కొలిస్తే ఏ వారంలో బాగా పెరిగిందో, ఏ వారంలో పస్తులుందో తెలుస్తుంది. బతికి బయటపడిన పిల్లలు ఏ తేదీల్లో పుట్టినవో చూసి, మొత్తం గుడ్లు ఏ తేదీల్లో పడ్డాయో పోలిస్తే, ఏ రోజుల్లో పుట్టినవాటికి బతికే అవకాశం ఉండిందో బయటపడుతుంది. చేపల శాస్త్రంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లోతైన సమాధానం ఇచ్చిన ఆవిష్కరణ ఇంకొకటి కనిపించదు.

ప్లెయిస్ దగ్గర కొంచెం ఆగాలి. దక్షిణ ఉత్తర సముద్రంలో నడి శీతాకాలంలో ఇది గుడ్లు పెడుతుంది. గుడ్లూ పిల్లలూ నెలల తరబడి నెదర్లాండ్స్, జర్మనీ తీరం వెంట ఉన్న వాడెన్ సముద్రం వైపు కొట్టుకుపోతాయి. అది లోతు లేని బురద తిన్నెల తీరం, ఆటుపోట్లకు రోజూ మునిగి తేలుతుంటుంది. పిల్ల సెంటీమీటరు పొడవయ్యేసరికి దాని ఒంట్లో గొప్ప మార్పు జరుగుతుంది. అప్పటిదాకా మామూలు చేపలా రెండు పక్కలా ఒక్కో కన్నుతో నిలువుగా ఈదిన జీవి ఎడమ కన్ను తల మీదుగా కుడి పక్కకు జరుగుతుంది. థైరాయిడ్ హార్మోన్ నడిపించే ఈ మార్పు పూర్తయ్యాక, కళ్లులేని పక్క తెల్లగా పాలిపోయి ఇసుకను అంటుకుంటుంది. అడుగు చేపగా అప్పుడే మొదటి రోజు.

అడుగున వాలిన ఆ పిల్లలకు అక్కడ పొంచి ఉన్న శత్రువు గోధుమ రంగు రొయ్య. నెదర్లాండ్స్ పరిశోధకులు ఏళ్ల తరబడి చూసి తేల్చిన సంగతి ఇది. చలి తీవ్రంగా ఉన్న ఏడు రొయ్యలు తిన్నెల మీదికి ఆలస్యంగా వస్తాయి, తక్కువగా వస్తాయి. ఆలోగా ప్లెయిస్ పిల్ల రొయ్య నోటికి పట్టనంత పెరిగిపోతుంది. గజగజలాడించిన 1962-63 శీతాకాలం తరవాత పుట్టిన 1963 తరం ప్లెయిస్ చరిత్రలో అతి పెద్ద తరాల్లో ఒకటి. చలి ఎక్కువైతే పిల్లలు చచ్చిపోతాయనుకుంటాం. ఇక్కడ చలే కాపు కాసింది. నీరు వేడెక్కుతున్న కొద్దీ ఈ లెక్క ఎటు పోతుందో ఊహించడం కష్టం కాదు. కాడ్‌కు అదే బెడద మరో రూపంలో వచ్చింది. ఉత్తర సముద్రం వేడెక్కి, కాడ్ పిల్లలకు ఇష్టమైన చలిదేశపు కలానస్ తగ్గి, వేడిని తట్టుకునే మరో కలానస్ జాతి పెరిగింది. అది విరివిగా ఉండే కాలం వేరు, పిల్లలకు మేత కావలసిన కాలం వేరు.

లక్షల చిన్న గుడ్లను ప్రవాహానికి వదలడం ఒక్కటే దారి కాదు. అంటార్కిటికా దగ్గర వెడెల్ సముద్రంలో 2021 ఫిబ్రవరిలో జర్మన్ పరిశోధన నౌక పోలార్‌స్టెర్న్ అడుగున కెమెరా లాగుతూ పోతుంటే, వరసగా గుండ్రటి గూళ్లు కనబడ్డాయి. నెత్తురులో ఎర్రని హిమోగ్లోబిన్ లేని ఐస్‌ఫిష్ జాతి గూళ్లు. ఒక్కోటి ముప్పావు మీటరు వెడల్పు, చాలావాటిలో ఒక చేప కాపలా. 240 చదరపు కిలోమీటర్లలో సుమారు 6 కోట్ల గూళ్లు ఉండవచ్చని అంచనా. ఒక్కో గూటిలో రెండు వేల లోపు గుడ్లే. చుట్టూ ఉన్న నీటికన్నా అక్కడి నీరు రెండు డిగ్రీలు వెచ్చన. చలిలో గుడ్డు పొదగడానికి నెలలు పడుతుంది కాబట్టి, ఆ కాపలా నెలల తరబడి సాగాలి.

మన తీరానికి వస్తే

కొత్తపట్నం, పాకల, జువ్వలదిన్నె, మైపాడు, కృష్ణపట్నం. ఈ తీరంలో పైనీరు చలికాలంలోనే 26 డిగ్రీల దగ్గర ఉండి, వేసవికి 30 దాటుతుంది. ఇంత వేడిలో జీవితం మొత్తం పరుగు. పండుగప్ప గుడ్డు 28 డిగ్రీల నీటిలో 18 గంటల లోపే పొదగబడుతుంది. కాడ్ గుడ్డుకు రెండున్నర వారాలు పట్టే పని ఇక్కడ ఒక పూటలో, ఒక రాత్రిలో అయిపోతుంది. నెల తిరిగేసరికి పిల్ల రూపం వస్తుంది.

ఎదుగుదలను కొలిచే వాన్ బెర్టలాన్‌ఫీ సూత్రం 1938 నాటిది. చేప తన గరిష్ఠ పొడవు వైపు ఎంత త్వరగా పోతుందో చెప్పే గుణకం అందులో ఒకటుంది. కాడ్ లాంటి చల్లని నీటి చేపకు అది సాధారణంగా 0.1 - 0.2 ప్రాంతంలో ఉంటుంది. మన దగ్గర దొరికే చిన్న చేపల్లో చాలావాటికి అది 1 చుట్టుపక్కల గానీ, ఆ పైన గానీ ఉంటుంది. అందుకే ఈశాన్య ఆర్కిటిక్ సముద్రపు కాడ్ గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఆరేడేళ్లు పట్టే చోట, మన నెత్తళ్లు, కవళ్లు ఏడాది లోపే ఆ పని మొదలుపెడతాయి. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దగ్గర కాడ్ కుప్పకూలి, 1992 జులై 2న రెండేళ్లకని విధించిన వేట నిషేధం మూడు దశాబ్దాలు సాగడానికి ఈ నెమ్మది కూడా ఒక కారణం. మన చేపలు అంతకన్నా త్వరగా కోలుకోగలవు. ఇది మనకు దక్కిన వరం. అయితే దాన్ని చూసుకుని నిశ్చింతగా ఉండడానికి లేదు. రెండు మూడేళ్లే బతికే చేపలో వేటను మోసేది ఒకటి రెండు తరాలే. ఒక ఏడు పిల్లలు దెబ్బతింటే మరుసటి ఏడే వల ఖాళీ అవుతుంది. ఇరవై ఏళ్ల వయసున్న తల్లులు నిల్వగా ఉండి గట్టెక్కించే వీలు ఇక్కడ లేదు.

వేడి సముద్రంలో శీతాకాలం గీసే వలయం స్పష్టంగా పడదు. పడిన గీత చలిదా, వర్షాకాలపు మార్పుదా, గుడ్లు పెట్టిన అలసటదా అన్నది వేరుగా నిరూపించాలి. కాబట్టే మన దేశంలో చాలావరకు చేపల పొడవులను నెల నెలా కొలిచి, ఆ గుంపుల కదలికను బట్టి ఎదుగుదల అంచనా కట్టే పద్ధతి వాడుతూ వచ్చారు. ఆ పద్ధతిలో ఒక చిక్కుంది. త్వరగా పెరిగిన చేప ముందుగా వలకు చిక్కుతుంది. ముసలిదయ్యేదాకా మిగిలేవి చిన్నప్పుడు నెమ్మదిగా పెరిగినవే. శతాబ్దం కిందట ఇంగ్లండ్‌లో రోజా లీ ఎత్తిచూపిన ఈ వంకర, వేట ఉధృతంగా ఉన్న ఏ తీరంలోనైనా కొలతల్లోకి దూరుతుంది. రోజువారీ గీతలు మాత్రం వేడి నీటిలోనూ పడతాయి. ఏడాది లోపు పిల్లలకు అవి నమ్మదగిన లెక్క. చల్లని సముద్రాల నుంచి మనం తప్పకుండా తెచ్చుకోవలసింది ఇదే.

అక్కడి నుంచి తెచ్చుకోవలసిన రెండో విషయం పెంపకపు నేల అన్న ఆలోచన. ప్లెయిస్‌కు వాడెన్ సముద్రం ఎలాగో, ఈ తీరానికి పులికాట్ సరస్సు అలాగ. 2022 జిల్లాల విభజన దాకా ఆంధ్ర వైపు పులికాట్ నెల్లూరు జిల్లాలోదే, ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది. చేపపిల్లలకు జిల్లా సరిహద్దులతో పని లేదు. దానితో పాటు కృష్ణపట్నం దగ్గరి కండలేరు క్రీకు, పెన్నా ముఖద్వారం, బకింగ్‌హాం కాలువ వెంట ఉన్న పాయలు, ప్రకాశం వైపు గుండ్లకమ్మ, పాలేరు కలిసే చోట్లు. పండుగప్ప, కొయ్యింగ, పాలబొంత, రొయ్యలు సముద్రంలో పుట్టి, పిల్లలుగా ఈ ఉప్పు తగ్గిన లోతులేని నీళ్లలోకి వచ్చి పెరుగుతాయి. రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర ముఖద్వారాలు ఇసుకతో పూడి నీళ్లు ఆడడం లేదని సరస్సు చుట్టుపక్కల మత్స్యకారులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. ఆ మొరలో ఉన్నది సరస్సులోని చేపల బాధ ఒక్కటే అనుకుంటే పొరపాటు. లోపలికి రాలేని పిల్లలు బయటి సముద్రంలో వలకు పడాల్సిన చేపలు కూడా.

ఇది ఊహ అని ఎవరైనా అంటే, తేల్చే దారి ఉంది. చెవిరాయిలో కాల్షియంతో పాటు కొద్దిపాటి స్ట్రాన్షియం, బేరియం చేరతాయి. సముద్రపు నీటిలో స్ట్రాన్షియం ఎక్కువ. నది నీరు కలిసే చోట బేరియం ఎక్కువ. మైపాడు దగ్గర పట్టిన పెద్ద పండుగప్ప చెవిరాయిని కోసి, నడుమ నుంచి అంచు దాకా ఈ రెండింటి నిష్పత్తి కొలిస్తే, అది బాల్యాన్ని సరస్సులో గడిపిందో, పాయల్లో గడిపిందో, సముద్రం వదలకుండానే పెరిగిందో బయటపడుతుంది. ఇందుకు ఖరీదైన ప్రయోగశాల కావాలి. రోజువారీ గీతలకు మాత్రం మంచి సూక్ష్మదర్శిని, అరగదీసే కాగితం, ఓపిక చాలు. ముత్తుకూరులో మత్స్య కళాశాల ఈ తీరం మీదే ఉంది. విద్యార్థుల పరిశోధనకు ఇంతకన్నా దగ్గరి విషయం దొరకదు.

మన వలల్లో పడే చేపల్లో ఇంకొకటి ఈ చర్చలో ప్రత్యేకంగా చెప్పదగినది. భారత హాలిబట్ అని శాస్త్రజ్ఞులు పిలిచే పళ్ల బల్లచేప. ప్లెయిస్‌లో కళ్లు దాదాపు ఎప్పుడూ కుడి పక్కనే, మన నాలుక చేపల్లో ఎడమ పక్కన. దీనిలో మాత్రం కొన్నిటికి కుడి, కొన్నిటికి ఎడమ. పై కన్ను కూడా పూర్తిగా పక్కకు రాక తల గట్టు మీదే ఆగుతుంది. బల్లచేపల వంశంలో పాతకాలపు లక్షణాలు నిలుపుకున్న జాతి ఇది. కన్ను జరిగే ఆ మార్పు ఎలా పుట్టిందో తెలుసుకోవాలనుకునే పరిశోధకుడికి ఉత్తర సముద్రం కన్నా బంగాళాఖాతమే మంచి చోటు.

ఇక చలి నీళ్ల చేపలు మనకు బొత్తిగా లేవా? ఉన్నాయి. నెల్లూరు ఎదుట ఖండతీరపు అంచు, అంటే తీరాన్ని ఆనుకున్న లోతు తక్కువ సముద్రపు అడుగు, ఇరుకు. తీరం నుంచి వంద కిలోమీటర్లు పోకుండానే లోతు వెయ్యి మీటర్లు దాటుతుంది, అక్కడ నీరు ఆరేడు డిగ్రీలే. ఆ వాలు మీద పొడుగు తోక గ్రెనేడియర్ లాంటి చేపలు బతుకుతాయి. పైనున్న కొన్ని వందల మీటర్ల నీటిలో ప్రాణవాయువు చాలా తక్కువ. ఆ పొరను దాటి వాటి పిల్లలు ఎలా ఎదుగుతాయన్నది తేలాల్సిన ప్రశ్న. లోతు నీటి వేట వైపు పెట్టుబడి మళ్లే రోజున, మొదటి ఏడాదే పట్టుబడిలోంచి చెవిరాళ్లు తీసి భద్రపరచాలి. ఆరెంజ్ రఫీ విషయంలో వేట ముందు నడిచింది, వయసు లెక్క వెనక వచ్చింది.

నిషేధం రోజులు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేటకు సెలవు. గుడ్లు పెట్టే చేపలను కాపాడడం దాని ఉద్దేశం. ఇది అవసరమైన నిబంధనే. మత్స్యకార కుటుంబాలు ఆ రెండు నెలల ఆదాయం వదులుకుని దాన్ని పాటిస్తున్నాయి. కాబట్టి ఆ త్యాగానికి తగ్గ ఫలం దక్కుతోందా అని అడగడం బాధ్యత గల పని. చల్లని సముద్రంలో ఒక జాతికి ఏటా కొన్ని వారాలే గుడ్లు పెట్టే కాలం. వేడి సముద్రంలో చాలా జాతులకు అది నెలల తరబడి సాగుతుంది, కొన్నిటికి రెండు విడతలుగా వస్తుంది. పైగా నెల్లూరు వాన ఈశాన్య రుతుపవనాలది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వరదనీరు పాయలను నింపి ముఖద్వారాలను తెరుస్తుంది. తీరప్రవాహం కూడా కాలాన్ని బట్టి దిశ మారుస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా అది ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి పారుతుంది. మార్చిలో నెల్లూరు ఎదుట పడ్డ గుడ్లు ప్రకాశం, బాపట్ల తీరాలకు సీడు కావచ్చు. నవంబరువి చెన్నై వైపు పోవచ్చు.

స్థలాన్ని కాపాడే ప్రయత్నం యూరప్ ఎలా చేసిందో చూడడం ఉపయోగం. 1989లో ప్లెయిస్ పిల్లల కోసం తీరం వెంట పెద్ద ప్రాంతాన్ని గుర్తించి, 300 అశ్వశక్తికి మించిన పడవల ట్రాలింగ్‌ను అక్కడ ఏడాదిలో కొంతకాలం ఆపారు. 1995 నుంచి ఏడాది పొడవునా ఆపారు. ఫలితం ఆశించినట్టు రాలేదు. నీరు వేడెక్కి పిల్లచేపలు ఆ హద్దు దాటి లోతుకు జరిగాయి. హద్దు అక్కడే ఉండిపోయింది. నార్వే మరో పద్ధతి పెట్టుకుంది. బారెంట్స్ సముద్రంలో పట్టుబడిలో చిన్న చేపల వాటా 15 శాతం దాటితే ఆ చోటును వెంటనే మూసేస్తారు, పిల్లలు పెరిగి పోయాక తెరుస్తారు. దానికి తనిఖీ పడవలు, రోజువారీ సమాచారం కావాలి. మన తీరంలో అంత యంత్రాంగం ఒక్కసారిగా రాదు. కానీ రెండింటిలోనూ మన రీతికి నార్వే పద్ధతే దగ్గర. పిల్లచేపలు ఎక్కడున్నాయో మొదట చూసేది పొద్దున్నే వల లాగే మత్స్యకారుడే.

కాబట్టి చేయదగిన పని ఇది. జూన్ నెలాఖరు నుంచి ఏడాది పొడవునా, నెలకోసారి, కృష్ణపట్నం, జువ్వలదిన్నె, కొత్తపట్నం రేవుల్లో వలలో పడ్డ అరచేతిలో పట్టే గొరక, పండుగప్ప, నాలుక చేప పిల్లల తలలు కొని, చెవిరాళ్లలో రోజువారీ గీతలు లెక్కపెట్టాలి. పుట్టిన తేదీలన్నీ ఒక పట్టికలోకి వస్తాయి. వాటిలో ఏప్రిల్ 15కు ముందు పుట్టినవి ఎన్ని, నిషేధం రోజుల్లో పుట్టినవి ఎన్ని, అక్టోబరు వానల్లో పుట్టినవి ఎన్ని అన్నది జాతి వారీగా తేలాక, ఆ 61 రోజులను అటో ఇటో జరపాలా, లేక వాటిని అలాగే ఉంచి ముఖద్వారాల దగ్గర మాత్రం వరదల తరవాత కొన్ని వారాలు సన్నకన్ను వలలు ఆపాలా అన్నది మత్స్యకారులతో కూర్చుని మాట్లాడవచ్చు.